చుక్క పడ్డచోటే పెంకు పగిలిందనుకోకు

రా నాయనా, ఇలా అరుగు మీద కూర్చో. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. పొద్దున్నే లేచి బాస్కెట్‌బాల్ చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. మిల్వాకీలో సాయంత్రం ఏడింటికి మ్యాచ్ మొదలైతే చలికాలంలో మనకి పొద్దున ఆరున్నర. పరీక్షలకి లేపినా లేవనివాడివి ఎన్‌బీఏ కోసం అలారం పెట్టుకుని లేస్తున్నావట. దానికి నిన్నేమీ అనను. ఆట మీద ప్రేమ ఉన్న పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటగానే ఉంటుంది. నేను పిలిచింది వేరే మాట కోసం. మ్యాచ్ అయిపోయి పది నిమిషాలు కాకముందే "వీడివల్లే ఓడిపోయాం, వీడికి డిఫెన్స్ రాదు, కావాలంటే నంబర్లు చూడండి" అని స్నేహితులందరికీ పంపేస్తావు చూడు, ఆ తొందర గురించి.

నంబర్లు చూడొద్దని చెప్పేవాణ్ణి కాను. జిల్లా టోర్నమెంట్లలో స్కోర్ టేబుల్ దగ్గర కూర్చుని ఏళ్ల తరబడి షీట్లు నింపినవాణ్ణి. అంకె అబద్ధం చెప్పదు. కానీ నువ్వు అడిగినదానికే అది జవాబు చెబుతుంది. సగం ప్రశ్న అడిగితే సగం జవాబే ఇస్తుంది. ఆ సగం జవాబు పట్టుకుని నువ్వు ఒక మనిషికి పూర్తి శిక్ష వేసేస్తున్నావు. నా బాధంతా అదే.

మా చిన్నప్పటి పెంకుటింటి సంగతి చెబుతాను విను. వానాకాలం వచ్చిందంటే వంటింట్లో పొయ్యి పక్కన చుక్కలు పడేవి. మా అన్నయ్య నిచ్చెన వేసుకుని ఎక్కి, సరిగ్గా పొయ్యి మీద ఉన్న పెంకులన్నీ తీసి కొత్తవి పెట్టాడు. మర్నాడు వాన కురిస్తే మళ్లీ అక్కడే చుక్క. ఇంకోసారి మార్చాడు. మళ్లీ అక్కడే. చివరికి పెంకులు నేసే పెద్దాయన్ని పిలిస్తే, ఆయన వంటింటి వైపు చూడనే లేదు. ఎక్కడో పైన కొప్పు దగ్గర ఒక పెంకు చిట్లి ఉంది. అక్కడ దిగిన నీళ్లు వాసం పట్టుకుని జారి జారి వచ్చి పొయ్యి పక్కన చుక్కలవుతున్నాయి. "బాబూ, చుక్క పడ్డచోట పెంకు పగలదు, నీళ్లు నడిచొచ్చిన దారి చూడాలి" అన్నాడు. బాస్కెట్‌బాల్ డిఫెన్స్ కూడా అచ్చం అంతే నాయనా. కారేది ఒకచోట, పగిలింది ఇంకోచోట.

నీకిష్టమైన మిల్వాకీ బక్స్ కథే తీసుకుందాం. 2021లో కప్పు గెలిచిన జట్టు. 2022-23 సీజన్‌లో 82 మ్యాచ్‌లకి 58 గెలిచి, డిఫెన్స్‌లో లీగ్ మొత్తం మీద 4వ స్థానంలో నిలిచింది. మరుసటి ఏడు అదే జట్టు 19వ స్థానానికి పడిపోయింది. ముప్పై జట్లలో 4 నుంచి 19! జట్టుకి పెద్ద దిక్కైన ఆటగాడు యానిస్ ఉన్నాడు. ముందటి ఏడు బెస్ట్ డిఫెండర్ అవార్డుకి రెండో స్థానంలో నిలిచిన బ్రూక్ లోపెజ్ ఉన్నాడు. మరి ఏమైనట్టు? అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయమైంది. ఇలాంటప్పుడే మన చెయ్యి ఊరుకోదు. ఎవడో ఒకడి మీదికి వేలు లేస్తుంది. ఆ వేలు లేవకముందు ఏం చూడాలో చెబుతాను.

మొదట అడగాల్సింది "ఎంతకి?" అని. చిన్నప్పుడు "తాతయ్యా, నాకు అరవై వచ్చాయి" అని పరిగెత్తుకొస్తే నేనేమనేవాణ్ణి? "ఎంతకిరా?" అనేవాణ్ణి. వందకి అరవైయ్యా, డెబ్భై అయిదుకి అరవైయ్యా? ఆ ఒక్క మాట అడక్కుండా మెచ్చుకోవడమూ తప్పే, తిట్టడమూ తప్పే. అయినా ఒక జట్టు 125 పాయింట్లు ఇచ్చేసిందని చూడగానే "డిఫెన్స్ చచ్చిపోయింది" అంటావు. ఎన్ని అవకాశాలకి ఇచ్చిందో అడిగావా?

1990-91లో డెన్వర్ నగెట్స్ అని ఒక జట్టు ఉంది చూడు, వాళ్ల కోచ్ పాల్ వెస్ట్‌హెడ్. బంతి చేతికి వస్తే చాలు, పరుగే పరుగు, షాటే షాటు. వాళ్లు మ్యాచ్‌కి 119.9 పాయింట్లు కొట్టేవారు, 130.8 ఇచ్చేవారు. ఇప్పటికీ అంత ధారాళంగా ఇచ్చిన జట్టు ఇంకోటి లేదు. 1990 నవంబర్ 10న ఫీనిక్స్ సన్స్ వాళ్ల మీద ఒక్క ఫస్టాఫ్‌లోనే 107 కొట్టింది. ఆ రోజు స్కోరు 173-143. ఏడాది మొత్తానికి 20 గెలిచి 62 ఓడారు. ఆ ఏడు లీగ్ సగటు మ్యాచ్‌కి 106 చిల్లర. అంటే వీళ్లు సగటు కన్నా 24 పాయింట్లు ఎక్కువ ఇచ్చినట్టు కనపడుతుంది. కానీ వాళ్లు పరిగెత్తిన పరుగుకి ఎదుటి జట్టుకి కూడా బోలెడు సార్లు బంతి దక్కేది. వంద పొసెషన్లకి, అంటే బంతి దక్కిన వంద సార్లకి, లెక్క కడితే డెన్వర్ ఇచ్చింది 115కి కాస్త అటూ ఇటూ. ఆనాటి సగటు 108. ఇరవై నాలుగు పాయింట్ల నేరం అనుకున్నది ఏడు పాయింట్ల నేరమే అయింది. మిగతాదంతా పరుగు తెచ్చిపెట్టింది. అయినా లీగ్‌లో అందరికన్నా వెనకే ఉన్నారు, కాదనను. వాళ్లు దోషులు కారని చెప్పడం లేదు. ఎంత దోషమో సరిగ్గా తూచి చెప్పమంటున్నాను. ఇంకో సంగతి చూడు. ఆ 115 ఈనాటి లీగ్‌లో మామూలు జట్టు ఇచ్చే లెక్క. 2023-24లో లీగ్ సగటే 115 దగ్గర ఉంది. అందుకే ఎంతకి అనే మాటకి తోడు ఏ ఏడాది అనే మాట కూడా అడగాలి.

పొసెషన్లు లెక్క కట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఎదుటి జట్టు వేసిన షాట్లకి వాళ్లు పోగొట్టుకున్న బంతులు కలుపు, ఫ్రీత్రోలలో 0.44 వంతు కలుపు, మళ్లీ వాళ్లే అందుకున్న ఆఫెన్సివ్ రీబౌండ్లు తీసెయ్. కాగితమూ పెన్సిలూ ఉంటే అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలు ఓపిక పట్టు నాయనా. నేను అడిగేది అంతకన్నా ఏమీ లేదు.

ఇంటికి ఎన్ని తలుపులున్నాయో తెలుసుకోవడం ఆ తర్వాతి పని. డీన్ ఆలివర్ అనే ఆయన 2004లో బాస్కెట్‌బాల్ ఆన్ పేపర్ అనే పుస్తకం రాశాడు. మ్యాచ్ గెలుపోటములు నాలుగు విషయాల మీద నడుస్తాయని చెప్పాడు. ఎదుటివాళ్ల షాట్లు ఎంత బాగా పడుతున్నాయి, బంతి ఎంత పోగొట్టుకుంటున్నారు, పడని షాటు రీబౌండ్ ఎవరికి దక్కుతోంది, ఫ్రీత్రో గీత దగ్గరికి ఎన్నిసార్లు వెళుతున్నారు. ఇందులో షాట్ల సంగతే అన్నిటికన్నా పెద్దది, పదింట నాలుగు వంతుల బరువు దానిదే. దొంగతనం జరిగిన ఇంట్లో పెద్దవాళ్లు మొదట ఏం చేస్తారు? వీధి తలుపు గడియ చూస్తారు, పెరటి తలుపు చూస్తారు, కిటికీ చూస్తారు. ఎక్కడ తెరిచి ఉందో చూశాకే మాట్లాడతారు. చూడకుండానే "పనిమనిషే" అనేవాళ్లు కూడా ఉంటారు. అలాంటి మాట ఎంత పాపమో నీకు చెప్పక్కర్లేదు. జట్టు పాయింట్లు ఇచ్చేస్తోందంటే ఏ తలుపు నుంచి పోతున్నాయో ముందు చూడు. మనిషి పేరు తర్వాత.

షాట్లలో కూడా అన్నీ ఒకటి కాదు. రింగు కింద వేసే షాటు వందకి అరవై ఐదు దాకా పడుతుంది. అంటే ఒక్కో ప్రయత్నానికి 1.3 పాయింట్లు. త్రీ పాయింటర్ వందకి ముప్పై ఆరు పడినా 1.08 వస్తుంది. మధ్యలో నుంచి వేసే రెండు పాయింట్ల షాటు వందకి నలభై రెండు పడితే 0.84 మాత్రమే. కాబట్టి తెలివైన జట్టు ఏం చేస్తుంది? రింగు కింద దారి మూసేసి, "కావాలంటే అక్కడి నుంచి వేసుకో" అని ఎదుటివాణ్ణి దూరంగా ఉంచుతుంది. మైక్ బూడెన్‌హోల్జర్ కోచ్‌గా ఉన్నప్పుడు మిల్వాకీ చేసింది ఇదే. ఏడడుగుల లోపెజ్‌ని రింగు దగ్గరే వెనక్కి నిలబెట్టేవాళ్లు. దీన్నే డ్రాప్ అంటారు. 2018-19లోనూ 2019-20లోనూ డిఫెన్స్‌లో లీగ్ మొదటి స్థానం వాళ్లదే. 2019-20లో ఎదుటి జట్లకి అందరికన్నా ఎక్కువ త్రీ పాయింటర్లు వేసే అవకాశం ఇచ్చింది కూడా వాళ్లే! త్రీల లెక్క ఒక్కటే చూస్తే "బయట ఎవరూ కాయడం లేదు" అనేవాడివి. కానీ వాళ్లు తెలిసి తెరిచిన కిటికీ అది, తెలిసి మూసిన తలుపు రింగు. ఇంటివాడు గాలి కోసం తెరిచిన కిటికీ చూసి "నిర్లక్ష్యం" అనకూడదు కదా.

ఇప్పుడు ఆ 4 నుంచి 19 సంగతికి వద్దాం. చుక్క ఎక్కడ పడింది? రింగు దగ్గర, లోపెజ్ ముందర. చూసేవాళ్లందరికీ కనపడేది అదే. ఎదుటి గార్డు దూసుకుంటూ వస్తాడు, లోపెజ్ ఎదురెళ్తాడు, బంతి అతని మీదుగా వెళ్లి పడుతుంది. "ముసలాడైపోయాడు" అనేస్తారు. అతనికి ముప్పై ఐదేళ్లు దాటాయి, నిజమే. కానీ బ్లాకుల లెక్క చూడు. ముందటి ఏడు మ్యాచ్‌కి 2.5, ఆ ఏడు 2.4. మనిషి చేసే పని దాదాపు అలాగే ఉంది. మారింది అతని ముందున్న దారి.

ఆ దారిలో ముందటి ఏడాది వరకు జ్రూ హాలిడే ఉండేవాడు. 2023 సెప్టెంబర్ చివర్లో మిల్వాకీ డేమియన్ లిలార్డ్ కోసం హాలిడేని వదులుకుంది. హాలిడే పోర్ట్‌లాండ్‌కి వెళ్లి, అక్కడి నుంచి కొద్ది రోజులకే బోస్టన్‌కి చేరాడు. ఎదుటి జట్టులో బంతి పట్టుకుని వచ్చేవాణ్ణి మొదటి అడుగులోనే ఆపడం హాలిడే పని. దారికి అడ్డంగా మనిషిని నిలబెట్టి స్క్రీన్ పెట్టినా దాన్ని తప్పించుకుని వెనకే వచ్చి మీద పడేవాడు. అలా వెనక ఒక మనిషి తరుముతున్నాడు కాబట్టే ముందు నిలబడ్డ లోపెజ్ పని సులువయ్యేది. ఆ తరిమే మనిషి పోయాక, డ్రైవ్ చేసేవాడు తీరుబడిగా వచ్చి లోపెజ్‌ని ఒంటరిగా ఎదుర్కొన్నాడు. లోపెజ్ ముందుకి వస్తే అతని వెనకున్నవాడికి లేఅప్. మూల నుంచి ఇంకొకడు సాయానికి వస్తే ఆ మూలలో త్రీ. పగిలిన పెంకు కొప్పు దగ్గర, చుక్క పొయ్యి పక్కన!

ఇదే షీటు మీద ఎలా కనపడిందో చూడు. 2022-23లో హాలిడే స్టీల్స్ మ్యాచ్‌కి 1.2. 2023-24లో లిలార్డ్ స్టీల్స్ 1.0. తేడా 0.2. ఆ అంకెని పట్టుకుని ఇద్దరూ ఒకటేనని చెప్పేవాడు లెక్క తెలిసినవాడే కావచ్చు, ఆట తెలిసినవాడు కాదు. స్టీల్ అంటే చేతికి చిక్కిన బంతి. హాలిడే విలువంతా ఎదుటివాడు వేయకుండా ఆగిపోయిన షాట్లలో ఉంది, వెళ్లకుండా తిరిగిపోయిన దారుల్లో ఉంది. జరగనిదాన్ని షీటులో ఏ గడిలో రాస్తాం? ఇంట్లో అమ్మ చేసే పని కూడా అంతే నాయనా. పాలు పొంగలేదు, పిల్లాడు పడలేదు, బియ్యం నిండుకోలేదు. జరగనివి కాబట్టి ఎవరూ రాసుకోరు. ఆమె నాలుగు రోజులు ఊరెళితే అప్పుడు తెలుస్తుంది.

అలాగని లిలార్డ్ మీద వేలు చూపించకు. మళ్లీ చెబుతున్నాను, చూపించకు. అతను వచ్చింది పాయింట్లు కొట్టడానికి, మ్యాచ్‌కి 24.3 కొట్టాడు. వేరే పనికి తెచ్చుకున్న మనిషిని "నువ్వు అతనిలాంటివాడివి కావే" అని దెప్పడం ధర్మం కాదు. కొత్తగా వచ్చిన కోడల్ని వెళ్లిపోయిన కూతురితో పోల్చి సాధించినట్టుంటుంది. పైగా ఆ ఏడు మారింది అతనొక్కడే కాదు. కోచ్ మారాడు, ఏడ్రియన్ గ్రిఫిన్ వచ్చాడు. సీజన్ మొదట్లో లోపెజ్‌ని రింగు దగ్గర నుంచి ముందుకి జరిపి ఆడించారు, కొద్ది మ్యాచ్‌లకే మళ్లీ పాత పద్ధతికి వచ్చారు. గ్రేసన్ అలెన్ అదే ట్రేడ్‌లో ఫీనిక్స్‌కి వెళ్లాడు. ఎదుటి గార్డుల మీద పడి కాసే జెవాన్ కార్టర్ షికాగోకి వెళ్లాడు. అనుభవమున్న వెస్ మాథ్యూస్ అట్లాంటాకి వెళ్లాడు. ఆ బరువంతా అంతకుముందు షూటర్‌గానే పేరున్న మలిక్ బీస్లీ మీద పడింది. ఒక్క పేరు రాసి గీత గీసేయడానికి వీల్లేదు. ఇల్లు ఒక్క పెంకు వల్ల కారదు, ఒక్కోసారి నాలుగు పెంకులు కలిసి చిట్లుతాయి.

ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకో. 2023 ఏప్రిల్ 24న ప్లేఆఫ్స్‌లో మయామీ ఆటగాడు జిమ్మీ బట్లర్ మిల్వాకీ మీద 56 పాయింట్లు కొట్టాడు. ఆ సిరీస్‌లో బట్లర్‌ని కాసినవాళ్లలో ముఖ్యుడు హాలిడే. ఎనిమిదో స్థానంలో వచ్చిన మయామీ 4-1తో గెలిచింది. ఆ రాత్రి లెక్క ఒక్కటే చూసినవాడు "హాలిడేకి డిఫెన్స్ రాదు" అని రాసి పంపేసే ఉంటాడు. ఆ హాలిడే లేని ఏడాది మిల్వాకీ 19వ స్థానానికి జారింది. అతను వెళ్లిన బోస్టన్ 2024 జూన్‌లో కప్పు ఎత్తింది. ఒక్క రాత్రి చూసి మనిషికి వెల కట్టకూడదు నాయనా. మన ఇళ్లల్లో పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు అరగంట చూసి వెళ్లిపోయి మాటలనేస్తే మనకి ఎంత మంటగా ఉంటుంది?

మూడోది, అదృష్టం ఎంతో తీసేసి చూడటం. ఇది కుర్రాళ్లకి బొత్తిగా నచ్చదు. ఎదుటి జట్టు రోజుకి 35 త్రీలు వేస్తుందనుకో. అయిదు మ్యాచ్‌లకి 175. వందకి 36 చొప్పున పడితే 63 పడాలి. ఆ అయిదు రోజులు వాళ్ల చెయ్యి బాగుండి వందకి 42 పడ్డాయనుకో, 73 పడతాయి. పది త్రీలు ఎక్కువ, ముప్పై పాయింట్లు, మ్యాచ్‌కి ఆరు. లీగ్‌లో మొదటి డిఫెన్స్‌కీ నడిమి వరస డిఫెన్స్‌కీ ఉండే తేడా కూడా దాదాపు అంతే. అంటే నువ్వు ఏమీ మారకుండానే, ఎదుటివాడి చేతి వాటం వల్ల, అయిదు రోజుల్లో గొప్ప జట్టువి కాస్తా మామూలు జట్టువైపోతావు. త్రీ వేసే అవకాశం ఇవ్వకుండా ఉండటం డిఫెన్స్ చేతిలో చాలావరకు ఉంది. వేశాక అది పడుతుందా లేదా అన్నది కొద్ది రోజుల లెక్కలో వాళ్ల చేతిలో పెద్దగా లేదు. ఇక ఫ్రీత్రో సంగతి చెప్పనే అక్కర్లేదు, దాన్ని కాసేవాడే ఉండడు. అందుకే అయిదు మ్యాచ్‌లు చూసి తీర్పు చెప్పకు. ఇల్లు అలకగానే పండగ కాదు, ఒక వాన పడగానే ఇల్లు కూలిపోనూ కూలిపోదు. ఇరవై మ్యాచ్‌లు ఆగు. అప్పటికీ అదే తలుపు తెరిచి ఉంటే, అప్పుడు మాట్లాడు.

మరి గెలుస్తూ ఉంటే? అప్పుడు కూడా చూడాలి, అప్పుడే ఇంకా ఎక్కువ చూడాలి. మిల్వాకీ గ్రిఫిన్‌ని తీసేసింది 2024 జనవరి 23న. అప్పటికి వాళ్లు 30 గెలిచి 13 ఓడారు. అంత బాగా గెలుస్తున్న కోచ్‌ని ఎవరైనా తీసేస్తారా అని లోకమంతా నోరెళ్లబెట్టింది. కానీ అప్పటికే డిఫెన్స్ 22వ స్థానం దగ్గర ఉంది. జనవరి 3న ఇండియానా వాళ్ల మీద 142 కొట్టింది. రాబడి బాగున్న ఇంట్లో దుబారా కనపడదు నాయనా. జీతం వచ్చినంత కాలం చిల్లు జేబు కూడా నిండుగానే ఉంటుంది. ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. కోచ్ మారాక డిఫెన్స్ కాస్త పైకి వచ్చింది, కానీ మిగిలిన 39 మ్యాచ్‌లలో గెలిచింది 19, ఓడింది 20. ఒక కన్నం మూస్తే ఇంకోచోట తడిసింది. చివరికి మొదటి రౌండ్‌లోనే ఇండియానా చేతిలో 4-2తో ఓడారు. ఆ సిరీస్‌లో యానిస్ గాయంతో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అదీ లెక్కలో వేసుకోవాలి. వేసుకోకుండా చెప్పే మాట న్యాయం కాదు.

క్లీవ్‌లాండ్ కథ కూడా అంతే. 2017-18లో లెబ్రాన్ జేమ్స్ ఒక్క మ్యాచ్ కూడా మానకుండా 82 ఆడాడు, జట్టు 50 గెలిచింది. డిఫెన్స్‌లో మాత్రం ముప్పై జట్లలో 29వ స్థానం. ఫైనల్స్ దాకా వెళ్లారు కూడా. అక్కడ గోల్డెన్ స్టేట్ వరసగా 124, 122, 110, 108 కొట్టి 4-0తో ఇంటికి పంపింది. చిరుజల్లులకి ఆ ఇంటి కప్పు ఎలాగో ఆగింది. కుంభవృష్టి పడ్డ రోజు ఆగలేదు. ఏడాదంతా ఆ అంకె చెబుతూనే ఉంది, గెలుపుల చప్పుడులో వినపడలేదంతే.

ఇన్ని లెక్కలు చూశాక కూడా చివర ఒక పని మిగులుతుంది. మ్యాచ్ మళ్లీ చూడాలి. ఈసారి బంతిని చూడకు. బంతి లేనివాళ్లని చూడు. 2013-14 నుంచి ప్రతి ఎన్‌బీఏ స్టేడియంలోనూ కెమెరాలు పెట్టి ఎవరు ఎక్కడున్నారో క్షణక్షణం కొలుస్తున్నారు. షాటు వేసేవాడికి డిఫెండర్ ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడో చెప్పేస్తాయి. కానీ "ఆ మూలలో వాణ్ణి వదిలెయ్, వాడికి షాట్ లేదు, నువ్వు లోపలికి రా" అని కోచ్ చెప్పాడా లేదా అన్నది ఏ కెమెరాకి తెలుస్తుంది? హ్యూస్టన్‌లో షేన్ బ్యాటియర్ అనే ఆటగాడు ఉండేవాడు. అతని మీద 2009లో మైకేల్ లూయిస్ అనే రచయిత పెద్ద వ్యాసం రాశాడు. పాయింట్లు, రీబౌండ్లు, బ్లాకులు, ఏది చూసినా మామూలు మనిషి. కానీ అతను కోర్టులో ఉంటే జట్టు బాగుపడేది. బ్లాక్ కోసం ఎగిరేవాడు కాదు, షాటు వేసేవాడి కళ్లకి అడ్డంగా చెయ్యి పెట్టేవాడు. ఎదుటివాడికి చేతకాని వైపుకి తోసేవాడు. చప్పట్లు రాని పని అది. చప్పట్లు రాని పని చేసేవాణ్ణి గుర్తుపట్టడానికి ఓపిక కావాలి. నీకు తెలివి ఉంది, ఓపికే కావాలి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా చెబుతాను. ఒక ఏడాది మా కాలేజీ జట్టుకి షీట్లు రాసేది నేనే, కోచ్‌కి సలహా చెప్పేదీ నేనే. ఒక కుర్రాడు కాసే మనిషే ప్రతి మ్యాచ్‌లోనూ ఎక్కువ పాయింట్లు కొడుతున్నాడని షీటులో చూశాను. "ఇతన్ని కూర్చోబెట్టండి" అన్నాను. కూర్చోబెట్టారు. తర్వాతి మ్యాచ్‌లో గోడ కూలినట్టు కూలిపోయాం. అప్పుడు కళ్లు తెరిచి చూస్తే తెలిసింది. అవతలి వైపు మా గార్డు తప్పిపోయినప్పుడల్లా పరిగెత్తి ఆ కన్నం మూసేది ఆ కుర్రాడే. అలా మూయడానికి వెళ్లినప్పుడల్లా అతను కాయాల్సిన మనిషి ఖాళీ అయ్యేవాడు. ఊళ్లోవాళ్ల మంట ఆర్పడానికి పోయినవాడి ఇంట్లో దీపం ఆరితే, "ఇతనికి దీపం పెట్టుకోవడం చేతకాదు" అన్నట్టు నేను మాట్లాడాను. మళ్లీ పిలిస్తే ఆ అబ్బాయి గ్రౌండ్‌కి రాలేదు. షీటులో అంకె సరైనదే నాయనా. నా మాటే తప్పు. అంకెని దిద్దుకోవచ్చు, అన్న మాటని వెనక్కి తీసుకోలేం.

నువ్వు రేపు ఈ లెక్కల్లోనే ఉద్యోగం చేస్తావేమో. ఏ జట్టుకో, ఏ కంపెనీకో లెక్కలు చెబుతావేమో. నువ్వు రాసిన ఒక్క వాక్యం మీద ఒకరి జీతం, ఒకరి కుర్చీ, ఒకరి ఇల్లు ఆధారపడే రోజు వస్తుంది. ఆ రోజుకి చేతికి అలవాటు ఇప్పుడే పడాలి. ఇంట్లోనూ అంతే. ఈ నెల కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని తమ్ముడి ఫ్యాన్ మీద పడకు, ఎన్ని రోజుల బిల్లో చూడు, ఎండలెలా ఉన్నాయో చూడు. చెల్లెలికి మార్కులు తగ్గాయని కసరకు, పేపరు ఎలా ఉందో, క్లాసులో మిగతావాళ్లకి ఎన్ని వచ్చాయో కనుక్కో. ఎంతకి అని అడుగు, ఏ తలుపు నుంచి అని అడుగు, ఎన్నాళ్ల నుంచి అని అడుగు. అన్నీ అడిగాక, కళ్లతో చూశాక, అప్పుడు కూడా మెల్లగా చెప్పు.

రేపు పొద్దున మ్యాచ్ చూడు, హాయిగా చూడు. ఓడితే బాధపడు, తప్పులేదు. కాగితం తీసి లెక్క కట్టు, నేనూ వచ్చి పక్కన కూర్చుంటాను. కానీ ఆ లెక్క కింద ఒక మనిషి పేరు రాసే ముందు, నిచ్చెన వేసుకుని ఒక్కసారి కొప్పు దాకా ఎక్కి చూసిరా నాయనా.